పంపని లేఖ

తెలుగునాట పలు పాఠశాలల గోడలమీద పటం కట్టించి వ్రేలాడదీసిన ఒక ఉత్తరం కనిపిస్తూ ఉంటుంది. అమెరికా అధ్యక్షుడు అబ్రహాం లింకన్ తన కుమారుని బడిలో చేర్పిస్తూ ఉపాధ్యాయునికి వ్రాసిన లేఖగా దానికి ప్రసిద్ధి. వార్షికోత్సవ సభలలో దానిని చదివి వినిపించడం కూడ పరిపాటి. అందులోని భావాలు మంచివే. కాని దానిని లింకన్ వ్రాసినట్లు ఎట్టి ఆధారమూ లేదు. ఆయన చేతివ్రాతలో అటువంటి ప్రతి ఎక్కడా దొరకలేదు. పండితులు ఎంతో శ్రమించి ప్రకటించిన ఆయన రచనల సంపుటాలలో దానికి చోటు లేదు. ఎవరో ఎప్పుడో వ్రాసిన నీతివాక్యాలకు ఒక మహనీయుని పేరు తగిలించడం మన చాటుసాహిత్యంలోనూ ఉన్నదే కనుక ఇందులో పెద్దగా ఆశ్చర్యపడవలసినది లేదు.

విచారించవలసినది మరొకటి ఉంది. లింకన్ నిజంగా వ్రాసిన ఉత్తరాలు వేలకొలది ఉన్నాయి. మిత్రులకు, శత్రువులకు, సేనానులకు, పత్రికాధిపతులకు, తండ్రిని కోల్పోయిన యువతికి, ముక్కు మొగం తెలియని పసిపిల్లకు ఆయన వ్రాసిన జాబులు నేటికీ భద్రంగా ఉన్నాయి. వాటి మధ్య చేరవలసినవానికి ఎన్నడూ చేరని లేఖ ఒకటి ఉంది. లింకన్ ఎట్టి మనిషో తెలుసుకోదలచిన వారు ఆయన పంపిన ఉత్తరాలతోపాటు పంపని ఆ ఉత్తరాన్ని కూడ చదవవలసి ఉంటుంది.

1809 ఫిబ్రవరి 12వ తేదీన కెంటకీ రాష్ట్రంలో ఒక చిన్న దుంగల గుడిసెలో లింకన్ జన్మించాడు. తండ్రి థామస్ వడ్రంగం, సేద్యం చేసి బ్రతికేవాడు. తన పేరును అతికష్టం మీద వంకరటింకరగా వ్రాయడం తప్ప ఆయనకు వ్రాత రాదు. తల్లి నాన్సీ దస్తావేజుల మీద సంతకానికి బదులు గుర్తు పెట్టేది. లింకన్‌కు ఏడేళ్ళ వయసులో కుటుంబం ఇండియానాలోని అడవి ప్రాంతానికి తరలిపోయింది. విషపు మొక్కలు మేసిన ఆవుల పాలు త్రాగడం వల్ల సోకే జబ్బు ఒకటి ఆ ప్రాంతంలో ఉండేది. ఆ జబ్బుతో 1818లో నాన్సీ మరణించింది. అప్పటికి లింకన్ తొమ్మిదేళ్ళవాడు. మరుసటి ఏడాది ఇంటికి వచ్చిన సవతితల్లి సారా ఆ బాలుని చదువు పట్ల ఆదరం చూపడం అతని అదృష్టం. మొత్తం మీద ఆయన బడికి వెళ్ళిన కాలం, అక్కడొక వారం ఇక్కడొక నెల కలిపినా, ఒక సంవత్సరానికి మించదు. ఇంటింటికీ తిరిగి పుస్తకాలు ఎరువు తెచ్చుకొని చదివాడు. వ్రాత నేర్చిన తరువాత, అక్షరం రాని ఇరుగుపొరుగువారికి ఉత్తరాలు వ్రాసిపెట్టేవాడని చెబుతారు. ఇతరుల మనస్సులోని మాటను విని, దానికి తగిన పదం వెదకి, కాగితం మీద పెట్టడం ఆయనకు ఆ విధంగా బాల్యంలోనే అలవడింది.

1831లో ఇల్లినాయ్ రాష్ట్రంలోని న్యూసేలం అనే పల్లెకు చేరి అంగడిలో గుమాస్తాగా పనిచేశాడు. తరువాత తానే భాగస్వామిగా ఒక అంగడి నడిపి అప్పులపాలయ్యాడు. 1833లో ఆయనకు ఆ ఊరి పోస్టుమాస్టరు ఉద్యోగం లభించింది. తపాలా బిళ్ళలు ఇంకా పుట్టని రోజులవి. ఎంత దూరం నుండి వచ్చినదో, ఎన్ని కాగితాలు ఉన్నవో లెక్కగట్టి ఉత్తరం అందుకొనేవారి దగ్గర రుసుము వసూలు చేసేవారు. జీతం స్వల్పం. లాభమల్లా చందాదారులకు వచ్చిన పత్రికలను పంచడానికి ముందు తాను చదువుకోవడమే. ఊరికి దూరంగా ఉన్నవారి ఉత్తరాలను టోపీలో పెట్టుకొని నడిచి వెళ్ళి అందించేవాడు. తరువాత న్యాయవాది అయిన నాటికి కూడ కాగితాలు టోపీలో దాచుకొనే అలవాటు ఆయనను వదలలేదు. 1834లో రాష్ట్ర శాసనసభకు ఎన్నికయ్యాడు. స్వయంకృషితో న్యాయశాస్త్రం చదివి 1836లో న్యాయవాదిగా అర్హత పొందాడు. 1837లో స్ప్రింగ్‌ఫీల్డ్ నగరానికి వచ్చి స్థిరపడ్డాడు.

ఆ రోజుల లింకన్‌లో తరువాతి లింకన్‌ను పోల్చుకోవడం కష్టం. ఆయన మాట పదునైనది. ఎదుటివారిని అనుకరించి నలుగురినీ నవ్వించడంలో దిట్ట. ఆ పదును కలానికి ఎక్కినపుడు ఏమి జరిగిందో 1842 నాటి ఘటన తెలియజేస్తుంది. ఆ ఏడాది ఇల్లినాయ్‌లో రాష్ట్ర బ్యాంకు దివాలా తీసింది. ఆ బ్యాంకు నోట్లను పన్నుల క్రింద స్వీకరించబోమని, వెండి బంగారు నాణేలే చెల్లించాలని రాష్ట్ర ఆడిటర్ జేమ్స్ షీల్డ్స్ ఉత్తరువు జారీ చేశాడు. షీల్డ్స్ లింకన్‌కు రాజకీయ ప్రత్యర్థి. లింకన్ రిబెక్కా అనే పల్లెటూరి స్త్రీ పేరు పెట్టుకొని, పల్లె యాసలో, స్థానిక పత్రికకు ఒక ఉత్తరం వ్రాశాడు. అందులో విమర్శ ఉత్తరువుతో ఆగలేదు. షీల్డ్స్‌ను అబద్ధీకునిగా, మూర్ఖునిగా, స్త్రీల మధ్య సోకులు పోయేవానిగా చిత్రించాడు. ఊరంతా విరగబడి నవ్వింది. లింకన్‌కు కాబోయే భార్య మేరీ టాడ్, ఆమె స్నేహితురాలు కలిసి అదే పేరుతో మరొక లేఖ వ్రాసి ఆజ్యం పోశారు.

అవమానం భరించలేని షీల్డ్స్ రచయిత ఎవరో చెప్పమని పత్రిక సంపాదకుని నిలదీశాడు. లింకన్ బాధ్యత తన మీద వేసుకున్నాడు. షీల్డ్స్ ద్వంద్వయుద్ధానికి పిలిచాడు. ఆయుధం ఎంచుకొనే హక్కు ఆనాటి ఆచారం ప్రకారం పిలుపు అందుకొన్నవానిది. ఆరడుగుల నాలుగంగుళాల పొడగరి అయిన లింకన్ పొడుగాటి అశ్వికదళ ఖడ్గాలను ఎంచుకున్నాడు. ఇల్లినాయ్‌లో ద్వంద్వయుద్ధం చట్టవిరుద్ధం కనుక 1842 సెప్టెంబరు 22న ఇరుపక్షాలు మిసిసిపీ నదిలో మిస్సోరీ వైపున ఉన్న ఒక లంకకు చేరాయి. చివరి ఘడియలో మిత్రులు నడుమ పడి రాజీ కుదిర్చారు. ఆ కత్తి దెబ్బ పడి ఉంటే ఇద్దరిలో ఒకరి కథ ఆ ఇసుకలోనే ముగిసేది. దేశచరిత్ర కూడ మరొక దారి పట్టి ఉండేది. ఆ తరువాత జీవితాంతం ఆ ప్రసంగం ఎవరెత్తినా లింకన్ ఇష్టపడేవాడు కాదు. మారుపేరుతో మనిషిని గాయపరచే ఉత్తరాలకు ఆ లంక దగ్గరే స్వస్తి చెప్పాడని అనుకోవచ్చు. షీల్డ్స్ విషయానికి వస్తే, 1861లో అంతర్యుద్ధం మొదలయ్యాక లింకన్ ప్రభుత్వమే ఆయనను బ్రిగేడియర్ జనరల్‌గా నియమించింది.

అదే సంవత్సరం నవంబరులో మేరీ టాడ్‌తో వివాహం జరిగింది. నలుగురు కుమారులు కలిగారు. 1847 నుండి రెండేళ్ళు అమెరికా కాంగ్రెస్‌లో సభ్యుడుగా ఉండి, తిరిగి వచ్చి న్యాయవాద వృత్తిలో నిలదొక్కుకున్నాడు.

బానిసత్వాన్ని గురించి లింకన్ మనస్సు ఏ విధంగా పరిణతి చెందినదో రెండు ఉత్తరాలను ప్రక్కప్రక్కన పెట్టి చూస్తే తెలుస్తుంది. 1841లో ఆయన మిత్రుడు జాషువా స్పీడ్‌తో కలిసి ఓహియో నది మీద ఆవిరి పడవలో ప్రయాణం చేశాడు. ఆ పడవలో దక్షిణాదికి తరలిస్తున్న పన్నెండు మంది బానిసలు ఉన్నారు. ఆరుగురిని ఒక గుంపుగా, మరి ఆరుగురిని ఇంకొక గుంపుగా గొలుసుతో బంధించారు. ప్రయాణం ముగిశాక లింకన్ ఆ దృశ్యాన్ని స్పీడ్ సోదరికి వ్రాశాడు. గాలపు తాటికి వరుసగా తగులుకొన్న చేపలతో వారిని పోల్చాడు. ఆలుబిడ్డలకు శాశ్వతంగా దూరమవుతూ కూడ వారు పాడుతూ, ఆడుతూ ఉల్లాసంగా ఉన్నారని, మనిషి ఎటువంటి స్థితికైనా అలవాటు పడతాడని వ్యాఖ్యానించాడు. చూచినవాని కన్ను నిశితమైనదే. కాని ఆ వాక్యాలలో కోపం లేదు. పధ్నాలుగేళ్ళు గడిచాయి. 1855 ఆగస్టులో స్పీడ్‌కు వ్రాసిన జాబులో లింకన్ అదే పడవను, అవే గొలుసులను గుర్తు చేశాడు. ఆ దృశ్యం తనను ఎడతెగక వేధిస్తూనే ఉన్నదని, ఓహియో నదిని ఎప్పుడు సమీపించినా అటువంటిదే ఏదో ఒకటి కంటపడుతున్నదని వ్రాశాడు. స్పీడ్ స్వయంగా బానిసలు గల కుటుంబంవాడు. ప్రాణమిత్రుడైన అతనితోనే ఈ విషయంలో తమ దారులు వేరని మృదువుగా చెప్పాడు. దృశ్యం ఒక్కటే. చూచినవాడు మారాడు.

బానిసత్వం కొత్త ప్రాంతాలకు వ్యాపించరాదనే వాదంతో 1858లో లింకన్ స్టీఫెన్ డగ్లస్‌తో ఏడు బహిరంగ చర్చలు జరిపాడు. సెనేట్ పదవి దక్కకపోయినా దేశవ్యాప్తంగా పేరు వచ్చింది. రిపబ్లికన్ పార్టీ 1860లో ఆయనను అధ్యక్ష పదవికి అభ్యర్థిగా నిలిపింది. ఎన్నికల హోరులో ఉండగా న్యూయార్క్ రాష్ట్రంలోని వెస్ట్‌ఫీల్డ్ అనే ఊరి నుండి గ్రేస్ బెడెల్ అనే పదకొండేళ్ళ బాలిక అక్టోబరు 15న ఒక ఉత్తరం వ్రాసింది. ఆయన ముఖం మరీ పీలగా ఉన్నదని, గడ్డం పెంచితే బాగుంటుందని, ఆడవారికి గడ్డాలంటే ఇష్టం కనుక తమ భర్తలను పోరి ఓట్లు వేయిస్తారని ఆ పిల్ల సలహా. వోటు హక్కు లేని స్త్రీలు ఎన్నికలను ఎట్లా నడిపించగలరో ఆ చిన్నారి గ్రహించింది. లింకన్ నాలుగు రోజులకే స్వయంగా జవాబు వ్రాశాడు. తనకు ఆడపిల్లలు లేరని విచారపడుతూ ముగ్గురు కొడుకుల వయస్సులు చెప్పాడు. ఇన్నాళ్ళూ లేని గడ్డం ఇప్పుడు పెంచితే జనం వేషమనుకోరా అని అడిగాడు. మాట ఇవ్వలేదు, కాదనలేదు. 1861 ఫిబ్రవరిలో పదవీ స్వీకారానికి రైలులో వెళుతూ వెస్ట్‌ఫీల్డ్‌లో ఆగినప్పుడు ఆ బాలికను పిలిపించి పలకరించాడు. అప్పటికి ఆయన ముఖం మీద గడ్డం ఉంది. ఈనాడు నాణేల మీద, నోట్ల మీద కనిపించే లింకన్ ముఖానికి ఆ ఉత్తరం కొంత కారణమన్నమాట.

1861 మార్చి 4న లింకన్ అధ్యక్ష పదవి చేపట్టేనాటికే ఏడు దక్షిణ రాష్ట్రాలు సమాఖ్య నుండి వైదొలగాయి. ఏప్రిల్ 12న సమ్టర్ కోట మీద ఫిరంగులు పేలాయి. అంతర్యుద్ధం ఆరంభమైంది. నికొలే, హే అనే ఇద్దరు యువ కార్యదర్శులు తపాలా చూచేవారు. కొలువు కావాలనేవారు, కొడుకును సైన్యం నుండి విడిపించమనేవారు, చంపుతామని బెదిరించేవారు అందరూ వ్రాసేవారే. ముఖ్యమైన జవాబులను మాత్రం లింకన్ తన చేతితోనే వ్రాసేవాడు.

1862 వేసవిలో బానిస విమోచన ప్రకటన ముసాయిదాను తయారు చేసి జూలై 22న మంత్రివర్గానికి వినిపించాడు. యుద్ధంలో వరుసగా ఓడిపోతున్న వేళ దానిని వెలువరిస్తే నిస్సహాయుని ఆక్రందనలా ఉంటుందని, ఒక విజయం లభించేదాకా ఆగమని విదేశాంగ మంత్రి సీవర్డ్ సూచించాడు. లింకన్ కాగితాన్ని ప్రక్కన పెట్టాడు. వచ్చే నెలలో న్యూయార్క్ పత్రికా సంపాదకుడు హోరేస్ గ్రీలీ, బానిసల విషయంలో అధ్యక్షుడు మెతకగా ఉన్నాడని నిందిస్తూ బహిరంగ లేఖ ప్రకటించాడు. ఆగస్టు 22న లింకన్ దానికి బదులిచ్చాడు. తన ప్రధాన లక్ష్యం సమాఖ్యను కాపాడటమేనని, అందుకోసం బానిసలను విడిపించవలసి వస్తే విడిపిస్తానని, విడిపించకుండానే కాపాడగలిగితే అట్లే చేస్తానని ఆ సారాంశం. చివర మాత్రం, ఇది పదవిరీత్యా తన కర్తవ్యమే తప్ప మనుషులందరూ స్వేచ్ఛగా ఉండాలనే తన సొంత కోరికలో మార్పు లేదని చేర్చాడు. ఆ లేఖ వ్రాసేటప్పటికి విమోచన ప్రకటన సిద్ధంగా ఉన్నదని చదువరులకు తెలియదు.

మంత్రగోపనం పాలకునికి ఉండవలసిన గుణాలలో ఒకటిగా మన రాజనీతి గ్రంథాలు చెబుతాయి. అయినా ఈ లేఖ మీద విమర్శ నేటికీ ఆగలేదు. ఆగకపోవడం సబబే. అదే నెలలో లింకన్ నల్లజాతి ప్రతినిధులను పిలిపించి, వారు దేశం విడిచి మరొకచోట స్థిరపడటం మేలని చెప్పాడు. ఒకప్పుడు బానిసగా బ్రతికి, తరువాత గొప్ప వక్తగా ఎదిగిన ఫ్రెడరిక్ డగ్లస్ ఆ మాటలను తీవ్రంగా ఖండించాడు. లింకన్‌ను పుట్టుకతోనే పరిపూర్ణునిగా చిత్రించేవారు ఈ పుటను దాటవేస్తారు. కాని ఆయన గొప్పతనం తప్పు చేయకపోవడంలో లేదు.

సెప్టెంబరు 17న ఆంటియెటమ్ వద్ద శత్రుసైన్యం వెనుదిరిగింది. ఐదు రోజులకు ప్రాథమిక ప్రకటన వెలువడింది. 1863 జనవరి 1న తుది ప్రకటన. ఆనాడు ఉదయం నుండి నూతన సంవత్సర అతిథులతో గంటల తరబడి కరచాలనం చేసిన చేయి వణకసాగింది. లింకన్ కలం ఎత్తి, దించాడు. సంతకం వంకరపోతే, సందేహిస్తూ చేశాడని రేపటివారు అంటారని చెప్పి, చేయి కుదుటపడ్డాక నిదానంగా పూర్తి పేరు వ్రాశాడు. ఆ ప్రకటన తిరుగుబాటు ప్రాంతాలలోని బానిసలకే వర్తించింది. సమాఖ్యలో నిలిచిన కెంటకీ, మేరీలాండ్ వంటి రాష్ట్రాలను అది తాకలేదు. అయినా నల్లజాతివారు సైన్యంలో చేరడానికి అది మార్గం తెరిచింది. యుద్ధం ముగిసేనాటికి సుమారు 1,80,000 మంది చేరారు. వారి కోసం తాము పోరాడబోమన్న స్వరాష్ట్రీయులకు జవాబుగా 1863 ఆగస్టులో ఒక లేఖ పంపుతూ, సభలో దానిని నెమ్మదిగా, చాలా నెమ్మదిగా చదవమని మిత్రుడు కాంక్లింగ్‌ను కోరాడు.

ఈ సంక్షోభం మధ్యనే 1862 ఫిబ్రవరిలో పదకొండేళ్ళ కుమారుడు విల్లీ జ్వరంతో అధ్యక్ష భవనంలోనే కన్నుమూశాడు. అంతకు పన్నెండేళ్ళ ముందు ఎడ్వర్డ్ అనే కుమారుడు పోయాడు. ఆ డిసెంబరులో, న్యాయవాద వృత్తిలో తనకు పరిచితుడైన విలియం మెకలో యుద్ధరంగంలో మరణించాడని, ఆయన కుమార్తె ఫ్యానీ తిండి, నిద్ర మాని గదిలో కుమిలిపోతున్నదని లింకన్‌కు తెలిసింది. డిసెంబరు 23న ఆమెకు ఉత్తరం వ్రాశాడు. దుఃఖం అందరికీ వస్తుందని, పిన్న వయస్సువారిని అది హఠాత్తుగా కమ్ముకుంటుంది కనుక మరింత బాధిస్తుందని అన్నాడు. కాలమే తప్ప దానికి మందు లేదని, ఇక ఎన్నటికీ తేరుకోలేనని ఇప్పుడు అనిపించినా అది పొరపాటని, అనుభవం మీద చెబుతున్నానని నచ్చజెప్పాడు. కొన్నాళ్ళకు తండ్రి స్మృతి వేదనగా కాక, విషాదంతో కూడిన మాధుర్యంగా మిగులుతుందని తెలిపాడు. తొమ్మిదేళ్ళకు తల్లిని పోగొట్టుకొన్నవాడు, పది నెలల క్రితం కొడుకును పోగొట్టుకొన్నవాడు వ్రాసిన మాటలవి. తన కష్టాన్ని గురించి మాత్రం ఒక్క ముక్కకు మించి చెప్పుకోలేదు.

ఇక 1863 జూలై. ఆ నెల 1, 2, 3 తేదీలలో పెన్సిల్వేనియా రాష్ట్రంలోని గెటిస్‌బర్గ్ వద్ద మహాసంగ్రామం జరిగింది. మూడు రోజులలో ఇరువైపులా కలిపి సుమారు 50 వేల మంది చనిపోవడమో, గాయపడటమో, జాడ తెలియకపోవడమో జరిగింది. సమాఖ్య సైన్యానికి సేనాని జార్జ్ మీడ్. యుద్ధానికి మూడు రోజుల ముందే ఆయనకు ఆ బాధ్యత అప్పగించారు. దక్షిణాది సేనాని రాబర్ట్ లీ ఓడి వెనుదిరిగాడు. జూలై 4న దూరాన మిసిసిపీ తీరంలో విక్స్‌బర్గ్ కోట జనరల్ గ్రాంట్‌కు లొంగిపోయింది. ఒక దెబ్బకు రెండు విజయాలు. వర్షాలకు పొటోమాక్ నది పొంగి, లీ సైన్యం దాటలేక ఒడ్డున చిక్కుకుంది. ఇప్పుడు మీడ్ పైబడితే యుద్ధం ముగిసినట్లేనని లింకన్ ఆశించాడు. రోజులు గడిచాయి. సేనానుల సమాలోచన జరిగింది. దాడి జరగలేదు. 13వ తేదీ రాత్రి లీ సైన్యం నది దాటిపోయింది.

వార్త వినగానే లింకన్ కుప్పకూలిపోయాడు. అధ్యక్షుడు తీవ్ర అసంతృప్తిలో ఉన్నాడని ప్రధాన సేనాని హాలెక్ తంతి పంపాడు. మనసు కష్టపడిన మీడ్ తనను తొలగించమని బదులిచ్చాడు. అది చూచి 14వ తేదీన లింకన్ మీడ్‌కు ఉత్తరం వ్రాయడానికి కూర్చున్నాడు.

ఆ ఉత్తరం నడక గమనించదగినది. ఓదార్చడానికే ఆయన మొదలుపెట్టాడు. గెటిస్‌బర్గ్‌లో సాధించిన విజయానికి ఎంతో కృతజ్ఞుడనని, ఏ కొంచెమైనా నొప్పి కలిగించినందుకు విచారిస్తున్నానని వ్రాశాడు. కాని నేను కూడ ఎంతో బాధలో ఉన్నానన్న వాక్యం దగ్గర కలం దారి మళ్ళింది. శత్రువు అలసి ఉండగా, నది అడ్డుగా ఉండగా, తాజా బలగాలు అందుబాటులో ఉండగా దాడి చేయలేదేమని ఒక్కొక్క లెక్క తీశాడు. లీ తప్పించుకొనిపోవడం ఎంతటి దురదృష్టమో మీకు అర్థమైనట్లు లేదన్నాడు. చేతికందిన అవకాశం జారిపోయిందని, ఇక యుద్ధం ఎన్నాళ్ళు సాగుతుందో చెప్పలేమని, తన వేదనకు అంతులేదని వ్రాశాడు. ఓదార్పు అభిశంసన అయింది. మాట మాటా న్యాయంగానే కనిపిస్తుంది. అందుకే అది మరింత లోతుగా కోసేది.

వ్రాయడం ముగిసింది. ఆయన ఆ కాగితం మీద సంతకం చేయలేదు. కవరులో పెట్టి, దాని మీద ఇది జనరల్ మీడ్‌కు ఉద్దేశించినదని, ఎన్నడూ పంపలేదని, సంతకం చేయలేదని తన చేతితోనే వ్రాసి కాగితాలలో దాచాడు. వారం రోజులకు, జూలై 21న మరొక సేనాని హవర్డ్‌కు వ్రాసిన జాబులో, లీ తప్పించుకొన్నందుకు తాను ఎంతో నొచ్చుకొన్నమాట దాచలేదు. కొద్ది రోజులు గడిచాక, జరగనిదాని కోసం విమర్శించక జరిగినదానికే కృతజ్ఞుడనై ఉన్నానని, మీడ్ వీరుడు, సమర్థుడు, సత్యవంతుడని అన్నాడు. ఆ వారం లింకన్ తనతో తాను చేసిన యుద్ధం గెటిస్‌బర్గ్ కంటె చిన్నదేమీ కాదు. మూడు రోజుల పోరాటంతో అలసిన సైన్యంతో, కందకాలు త్రవ్వుకొన్న శత్రువు మీద పడటం సాధ్యమయ్యేదేనా అని చరిత్రకారులు ఇంకా వాదించుకొంటూనే ఉన్నారు. బహుశః లింకన్ కోపమే పొరపాటు కావచ్చు. ఆ ఉత్తరం పోయి ఉంటే మీడ్ రాజీనామా తప్పేది కాదు. అది పోలేదు కనుక యుద్ధం ముగిసేదాకా మీడ్ ఆ సైన్యానికి సేనానిగానే కొనసాగాడు.

దీనికి సరిగ్గా ఒక్కరోజు ముందు, అనగా జూలై 13న లింకన్ గ్రాంట్‌కు మరొక ఉత్తరం వ్రాశాడు. వారిద్దరూ అప్పటికి ముఖాముఖి కలుసుకోలేదు. విక్స్‌బర్గ్ దండయాత్రలో గ్రాంట్ ఎంచుకొన్న దారి సరికాదని, నది వెంట దిగువకు పోయి బ్యాంక్స్ సేనతో కలవవలసిందని తాను అనుకొన్నానని, ఉత్తరానికి మళ్ళినపుడు పొరబడ్డాడని భయపడ్డానని చెప్పాడు. ఆయనే ఒప్పు, తనదే తప్పు అని ఇప్పుడు స్వయంగా ఒప్పుకోదలచానన్నాడు. గ్రాంట్ అడగలేదు. లింకన్ మనసులో ఏమనుకున్నాడో గ్రాంట్‌కు తెలియదు కూడ. దేశాధ్యక్షుడు సైన్యాధికారికి తన తప్పు తానుగా చెప్పుకోవలసిన అగత్యమేమీ లేదు. ఆ ఉత్తరం మాత్రం అదే రోజు సంతకంతో తపాలాలో పోయింది.

మరుసటి ఏడాది వేసవికి పరిస్థితి మళ్ళీ విషమించింది. మృతుల సంఖ్య పెరిగింది. నవంబరు ఎన్నికలలో ఓటమి ఖాయమని సొంత పార్టీవారే నిర్ణయించారు. 1864 ఆగస్టు 23న లింకన్ ఒక చిన్న కాగితం వ్రాసి, మడిచి, అంటించి, లోపల ఏమున్నదో చూపకుండా మంత్రులందరి చేత వెనుక సంతకాలు చేయించాడు. వారు ఏమీ అడగకుండా చేశారు. సెప్టెంబరు ఆరంభంలో అట్లాంటా నగరం పట్టుబడటంతో గాలి తిరిగింది. నవంబరు 8న లింకన్ గెలిచాడు. మూడు రోజుల తరువాత మంత్రివర్గంలో ఆ కాగితం విప్పించి చదివి వినిపించాడు. తాము ఓడిపోవడం తథ్యంగా కనిపిస్తున్నదని, అప్పుడు కొత్తగా ఎన్నికైనవానితో సహకరించి, అతడు పదవిలోకి వచ్చేలోగానే సమాఖ్యను కాపాడటం తన ధర్మమని అందులో ఉంది. ఎన్నికను వాయిదా వేయాలన్న ఊహ కూడ అందులో లేదు.

అదే నవంబరులో బోస్టన్‌కు చెందిన బిక్స్‌బీ అనే తల్లికి, ఐదుగురు కొడుకులు యుద్ధంలో అసువులు బాసినందుకు సానుభూతి తెలుపుతూ పోయిన లేఖ జగత్ప్రసిద్ధం. చనిపోయినది ఇద్దరేనని తరువాత తేలింది. మూలప్రతి దొరకడం లేదు. అది కార్యదర్శి జాన్ హే వ్రాసినదని నేడు చాలామంది భావిస్తున్నారు. పేరు ఒకరిది, వ్రాత మరొకరిది కావడం ఉపాధ్యాయుని లేఖతోనే మొదలు కాలేదన్నమాట.

బానిసత్వాన్ని దేశమంతటా రద్దు చేసే రాజ్యాంగ సవరణ 1865 జనవరి 31న కాంగ్రెస్ ఆమోదం పొందింది. అధ్యక్షుని సంతకం అవసరం లేకపోయినా మరునాడు లింకన్ దాని మీద సంతకం చేశాడు. ఏప్రిల్ 9న లీ గ్రాంట్‌కు లొంగిపోయాడు. ఏప్రిల్ 14 రాత్రి వాషింగ్టన్‌లో ఫోర్డ్ నాటకశాలలో జాన్ విల్క్స్ బూత్ అనే నటుడు లింకన్‌ను కాల్చాడు. మరునాటి ఉదయం ఆయన మరణించాడు. ఆ రాత్రి ఆయన జేబులో దారంతో కట్టి బాగుచేసుకొన్న కళ్ళజోడు, తనను మెచ్చుకొంటూ పత్రికలు వ్రాసిన వార్తల కత్తిరింపులు కొన్ని ఉన్నాయి. అన్ని నిందలు మోసినవానికి కూడ నాలుగు మంచి మాటలు దగ్గర పెట్టుకోవాలనిపించింది.

పెద్ద కుమారుడు రాబర్ట్ తండ్రి కాగితాలను ఇల్లినాయ్ రాష్ట్రానికి తరలించి, బ్లూమింగ్టన్‌కు చెందిన న్యాయమూర్తి డేవిడ్ డేవిస్ సంరక్షణలో ఉంచాడు. తరువాతి కాలంలో వాటిని అమెరికా కాంగ్రెస్ గ్రంథాలయానికి ఇస్తూ, తాను మరణించిన 21 ఏళ్ళ వరకు తెరవరాదని షరతు పెట్టాడు. 1947 జూలై 26న, అర్ధరాత్రి దాటగానే, పండితుల సమక్షంలో పెట్టెలు తెరిచారు. హత్య వెనుక ద్రోహులెవరో బయటపడతారని ఎదురుచూచినవారికి నిరాశే మిగిలింది. అందులో ఉన్నవి ఎక్కువగా ఆయనకు ఇతరులు వ్రాసిన ఉత్తరాలు, ఆయన చిత్తుప్రతులు.

జనరల్ మీడ్ 1872 నవంబరులో ఫిలడెల్ఫియాలో కన్నుమూశాడు. తన పేర వ్రాసిన ఆ ఉత్తరం, పంపలేదన్న లింకన్ చేతివ్రాత గల కవరులోనే, అప్పటికి ఆ కాగితాల మధ్య ఉంది.